గాజుపలకలో సవతి

మా ఆయన నా మీదికి సవతిని తెచ్చాడు. యాభై దాటిన మనిషికి ఇదేం పోయేకాలం అని మీరు తిట్టక్కర్లేదు, ఆ పని నేను చాలినంత చేశాను. ఆ సవతి ఇంకెవరో కాదు, నేనే. నా మోచేతి దగ్గర తీసిన రక్తంతో, తన పరిశోధనశాలలో, అగ్గిపెట్టెంత గాజుపలకలో దాన్ని పెంచాడు.

ఆయన పేరు భానోజీరావు. విశాఖపట్నంలో కొండవారగా ఉన్న ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. నా పేరు హైమవతి. మా వీధి చివర నాకు కర్రీ పాయింటు ఉంది. పొద్దున్న పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నానికల్లా పులుసు, పప్పు, దొండకాయ వేపుడు, రొయ్యల ఇగురు అన్నీ కవర్లలో కట్టి అమ్మేస్తాం. ఆయన ప్రయోగాలు ఆయనవి, నా పొయ్యిలు నావి. ఒకరి గిన్నెలో ఒకరం వేలు పెట్టకుండా కాపురం సాఫీగానే సాగింది, నా ఒళ్ళు నా మాట వినడం మానేసేవరకూ.

ఆడవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నెలసరి దారి తప్పింది. ఒకసారి వస్తే మళ్ళీ మూడు నెలలు జాడ ఉండదు, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది. ఉన్నట్టుండి గుండెల్లో ఎవరో స్టవ్ వెలిగించినట్టు మంట లేచి మెడ మీదుగా మాడుకి ఎక్కేది. జాకెట్టు తడిసి ముద్దయ్యేది. అసలే నేను నిలబడేది పెద్ద పొయ్యిల ముందు! నిద్ర సరేసరి. నిద్ర లేకపోతే తెల్లారాక మతి ఉండదు. ఒకరోజు పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. రోజూ కొనుక్కెళ్ళే బ్యాంకు ఉద్యోగి కవరు వెనక్కి తెచ్చి, మొహమాటంగా బల్ల మీద పెట్టి పోయాడు. నా దగ్గర పనిచేసే పైడితల్లి వేలితో నాకి చూసి, "ఏటమ్మా ఇది, సముద్రం నీళ్ళు పోసేసినారేటి?" అంది.

ఆ గిన్నె ఎత్తి తూములో కుమ్మరించాను. మా అమ్మ దగ్గర నేర్చిన చెయ్యి నాది. కళ్ళు మూసుకుని వేసినా ఉప్పు తప్పేది కాదు. ఆ చెయ్యి పోతోందంటే నేనే పోతున్నట్టు ఏడుపొచ్చింది.

ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ, "హార్మోను మందు వాడితే ఇవన్నీ సర్దుకుంటాయి. మంటలు తగ్గుతాయి, నిద్ర పడుతుంది, ఎముకలు గట్టిగా ఉంటాయి" అంది. నా మొహం వెలిగేలోపే, "కాకపోతే మీ అమ్మగారు రొమ్ము క్యాన్సరుతో పోయారు కదా. కొందరికి రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంటుంది. చాలామందికి ముప్పుకంటే మేలే ఎక్కువ. మీ విషయంలో మాత్రం తూచి చూడాలి" అంది.

"తూచండి మరి."

"మీ ఒక్కరికీ ఇంత అని తూచే రాయి మా దగ్గర లేదమ్మా" అందావిడ.

ఆ రాయిని తయారు చేస్తున్నది మా ఆయనే. గాజుపలక అంటే అదే. మనిషి రక్తంలోని కణాలని మళ్ళీ పసికణాలుగా మార్చి, వాటితో పలకలో నాలుగు గదులు కడతారు. ఒకదాంట్లో రక్తనాళం, ఒకదాంట్లో ఎముక, ఒకదాంట్లో రొమ్ము, ఒకదాంట్లో గర్భసంచి లోపలి పొర. మనకి వారం గడిస్తే దానికి ఏడాది గడిచేలా తొందరపెడతారు. దాని తిండి కూడా మన ఒంట్లోదే. మన రక్తంలో ఆ రోజున ఏమేమి ఎంతెంత కలిసి ఉన్నాయో యంత్రం చదివి, అచ్చం అలాంటి నీళ్ళే రోజూ తయారుచేసి పలకకి పడుతుంది. మందు ముందు అది తాగుతుంది. పదేళ్ళపాటు దానికి ఏమీ కాకపోతే అప్పుడు మనకి.

"ఏమైనా అయితే?" అన్నాను.

"అయితే దానికవుతుంది, నీకు కాదుగా" అన్నాడు మా ఆయన. నా కోసం ఇంత ఆలోచించాడే అని ఆ రోజు కరిగిపోయాను కూడా. పిచ్చిదాన్ని.

మా ఆడపడుచు సుభాషిణి నా ఈడుదే. తనకీ ఇవే బాధలు. ఆ మాఘమాసంలో పెందుర్తి దగ్గర వాళ్ళ కొత్తింటి గృహప్రవేశమైంది. మర్నాడే, కాళ్ళకి పసుపు ఇంకా పోకముందే, ఇద్దరం పరిశోధనశాలకి వెళ్ళి రక్తం ఇచ్చాం. అక్కడ నస్రీన్ అని చిన్న డాక్టరు ఉంది, చురుకైన పిల్ల. సూది గుచ్చే ముందు, "మందులేమైనా వాడుతున్నారా ఆంటీ?" అని అడిగింది.

"ఏమీ లేవమ్మా" అన్నాను. సుభ కూడా లేవంది. పక్కన నిలబడ్డ మా ఆయన, లేవు లేవని తనూ తలూపాడు.

*

పలక పెరగడం మొదలయ్యాక మా ఇంట్లో దాని పేరు వినపడని పూట లేదు. "ఇవాళ రక్తనాళం ఎంత మెత్తగా సాగిందో!" "ఎముక గది చూస్తే ముప్పై ఏళ్ళ పిల్లది అనుకుంటారు." అన్నం ముందు కూర్చుని ఇవీ కబుర్లు. ఆదివారం నాడు వేడివేడిగా గుత్తివంకాయ వడ్డిస్తే, సగం తిని లేచాడు.

"ఎక్కడికి?"

"చిన్నీకి నీళ్ళు మార్చే టైమైంది. ఇవాళ అక్కడెవరూ లేరు."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చిన్నీ అనేది నా పేరు. పెళ్ళయిన కొత్తలో ఆయన నన్ను అలా పిలిచేవాడు. తర్వాత హైమ అయ్యాను, ఆ తర్వాత "ఏమోయ్" అయ్యాను, ఈమధ్య అదీ లేదు, గొంతు సవరించుకుంటే నేను తిరిగి చూడాలి. ఆ పేరు తీసుకెళ్ళి గాజుముక్కకి పెట్టాడు!

"దాన్నేమన్నారు?" అన్నాను.

"నీదేగా. నీ పేరే పెట్టాను" అన్నాడు, అదేదో నాకు పట్టుచీర తెచ్చినట్టు మొహం పెట్టి.

ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. అది ఉండే పెట్టెలో వేడి కొంచెం అటూ ఇటూ అయితే ఆయన ఫోను కుయ్యిమని మోగేది, పరిగెత్తేవాడు. నేను పక్కనే కాలిపోతూ ఫ్యాను అయిదులో పెడితే, "చలేస్తోంది, రెండులో పెట్టు" అని దుప్పటి ముసుగు తన్నేవాడు. దానికి వేడి పెరగకూడదు, తగ్గకూడదు. నేను మాత్రం ఏమైపోయినా ఫరవాలేదు.

ఉండబట్టలేక ఒకరోజు షాపు పైడితల్లికి అప్పజెప్పి, దాన్ని చూడ్డానికి నేనే వెళ్ళాను. నస్రీన్ తెర మీద చూపించింది. సన్నటి గొట్టంలాంటి రక్తనాళం, లేతగా, గులాబీరంగులో, ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంది. "ఆరోగ్యంగా ఉంది ఆంటీ. మందు పడ్డాక ఎంత బాగుందో చూడండి" అంది సంబరంగా.

చూశాను. నా రక్తమే, నా ఎముకే. నాకు లేని సుఖమంతా అది పడుతోంది. అది చల్లగా మందు తాగుతుంటే నేను చెమటలు కారుస్తూ నిలబడి చూస్తున్నాను. అంత కుళ్ళు నాకు ఇంకే ఆడదాని మీదా పుట్టలేదు, ఒట్టు.

దాని పక్కన ఇంకో పలక ఉంది, తెర మీద మసకగా. "అదెవరిది?" అన్నాను.

"అదీ మీదే. మందివ్వని పలక. తేడా తెలియాలిగా, అందుకని."

అది వడిలిపోయిన తమలపాకు రంగులో ఉంది. ఎముక గదిలో చిల్లులు పడుతున్నాయి. "దీనికేం పేరు పెట్టారు?" అని అడిగాను. నస్రీన్ నవ్వి, దానికి పేరేమీ లేదంది.

మరి నేను అదన్నమాట. బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. కండక్టరు చూసి చిల్లర కూడా అడగలేదు.

*

ఎండాకాలంలో సుభ పలక పదేళ్ళూ పూర్తిచేసింది, చెక్కుచెదరలేదు. పైగా ఒక వింత జరిగింది. ఒంటికి అంటించే ఈ హార్మోను ప్యాచ్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి చెడుతుందట. అలా పెరగకుండా అందరికీ ఇంకో మాత్ర కూడా ఇస్తారట. ఆ రెండో మాత్రతో రొమ్ముకి ముప్పు కొంచెం ఎక్కువవుతుందట. సుభ పలకలో మాత్రం పొర పెరగనే లేదు. "ఈమెకి రెండో మాత్రతో పని లేదు, ప్యాచ్ ఒక్కటే చాలు" అని తేల్చారు. ఎవరి ఒంటికి ఎంత కావాలో అంతే ఇవ్వచ్చని దాంతో రుజువైపోయిందట. మా ఆయన స్వీట్లు పంచాడు. సుభ పొట్ట కింద చిన్న ప్యాచ్ అంటించారు.

నా పలక పెరగడం ఆలస్యమై ఇంకా సగంలోనే ఉంది. తర్వాత కొన్నాళ్ళకి, వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం మా ఆయన వేళకాని వేళ ఇంటికొచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"చిన్నీ పోయింది" అన్నాడు.

ఒక్క క్షణం నాకే ఏదో అయిందనుకున్నాను, ఆయన మొహం అలా ఉంది. "రక్తనాళంలో గడ్డ కట్టింది. ఒక్కసారిగా మూసుకుపోయింది. ఎంత ప్రయత్నించినా..." అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు!

నాకు ఒళ్ళు తెలియలేదు. "నేను బతికే ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను. కనిపిస్తున్నానా?"

"అది నువ్వే కదా హైమా. ఆ మందు నీకిస్తే అక్కడ పోయేది నువ్వే. అది తల్చుకుంటే..."

"అది నేనే అయితే, నన్నెప్పుడు చిన్నీ అన్నారు చివరిసారి? చెప్పండి! నేను జాకెట్లు పిండుకుంటూ తిరుగుతుంటే ఒక్కసారైనా నీళ్ళు కావాలా అని అడిగారా? దానికి పూటపూటకీ మార్చారు కదా!"

నాకు హార్మోను ఇవ్వకూడదని తేలిపోయింది. ఇంక ఎన్నాళ్ళయినా ఈ మంటలు ఇంతే, ఈ మతిమరుపు ఇంతే. చచ్చిన దాని మీద కూడా నా కుళ్ళు చావలేదు. కొన్నేళ్ళయినా సుఖపడి పోయింది, నాకు అదీ లేదు అనుకున్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. సుభ ఉందిగా! వారానికోసారి షాపుకొచ్చేది. మొహం నిగనిగలాడిపోతోంది. జుట్టు ఒత్తుగా వచ్చింది. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తోందట. "పడుకుంటే తెల్లారే లేవడం వదినా, మధ్యలో మెలకువే రాదు" అనేది, పొయ్యి పక్కన కొంగుతో విసురుకుంటున్న నాతో. ఆ మాట నన్ను ఉడికించాలని అన్నది కాదు. సుభ మనసు మంచిదే. అందుకే ఇంకా మండేది. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. ఒకసారి తనకి కట్టిన కూరలో కావాలనే ఇంకో చెంచా కారం వేశాను. మర్నాడు ఫోను చేసి, చాలా బాగుందంది.

ఏడాది తిరిగింది. శ్రావణమాసం ముందర ఒకరోజు వచ్చి నన్ను పక్కకి లాగింది. పైడితల్లికి వినపడకుండా చెవిలో చెప్పింది.

"వదినా, ఎవరికీ చెప్పకు, దిష్టి తగులుతుంది. నాకు మళ్ళీ వస్తోంది."

"ఏం వస్తోంది?"

"అదేనే, నెలసరి! ఆగి ఏడాది దాటిందా, మొన్నటి నుంచి కొంచెం కొంచెం కనపడుతోంది. మళ్ళీ వయసులోకి వచ్చేశాననుకో!" అని సిగ్గుపడి నవ్వింది.

"డాక్టరుకి చెప్పావా?"

"ఛీ, అక్కడ అన్నయ్య ఉంటాడుగా. ఇవన్నీ అన్నయ్యకి ఎలా చెప్తాం? ఈసారి వరలక్ష్మీ వ్రతం మా కొత్తింట్లోనే. నువ్వు కూర్చోవాలి. నీకు ఎప్పుడొస్తుందో తెలియదన్నావుగా, అప్పట్లా బిళ్ళలు వేసుకో. నేనూ వేసుకుంటాను" అంది.

తను వెళ్ళిపోయాక రొయ్యలు మాడబెట్టాను. వయసు కూడా వెనక్కి వచ్చేసిందా దీనికి! అక్కడితో కడుపు పూర్తిగా రగిలిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనకి వడ్డిస్తూ, "సాయంత్రం వచ్చేటప్పుడు మెడికల్ షాపులో ఆ బిళ్ళలు ఒక షీటు పట్రండి" అన్నాను.

"ఏ బిళ్ళలు?"

"అవేనండీ, నెలసరి వాయిదా వేసే బిళ్ళలు. సుభ ఇంట్లో వ్రతం ఉంది. వాళ్ళ గృహప్రవేశానికి తెచ్చారే, నాకో షీటు, సుభకో షీటు, పేపర్లో చుట్టి. అవే."

చారన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"గృహప్రవేశానికా?" అన్నాడు.

"మరి? నేను హారతి పట్టాలి, తను వ్రతానికి కూర్చోవాలి. ముందు వారం నుంచీ వేసుకున్నాం. మీరేగా తెచ్చింది."

"ఎప్పటిదాకా వేసుకున్నారు?"

"పూజ రోజు రాత్రి దాకా. ఏం?"

"మర్నాడు రక్తం ఇచ్చారు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన కంచం తోసేశాడు. "అది హార్మోనే హైమా! ఆ బిళ్ళ కూడా ఒక హార్మోనే. మందులేమైనా వాడుతున్నారా అని నస్రీన్ అడిగితే నువ్వు లేవన్నావు. నేనూ తలూపాను. ఆ రెండు షీట్లూ కొన్నది నేను. నేను తలూపాను!"

"అది మందెలా అవుతుందండీ? రోగానికి వేసుకుంటే మందు. ఇది పూజకి వేసుకునేది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు తెలిసింది. ఇంట్లో ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. మా అమ్మ చెప్పేది, మా అత్తగారు చెప్పేది. ఇన్నేళ్ళు హార్మోన్ల మీద పరిశోధన చేసిన ఈయన కూడా వాటిని పేపర్లో చుట్టి, కొబ్బరికాయలూ పువ్వులతో పాటు సంచిలో వేసి తెచ్చాడు.

నాకు మిగతాది వంట భాషలో అర్థమైంది. మొదటి గిన్నెలో ఉప్పు ఎక్కువైంది. యంత్రం దాన్నే రుచి చూసి, అదే ఉప్పుతో రోజూ కొత్త గిన్నె చేసింది. నేను వేసుకున్నది వారం రోజుల బిళ్ళ, పలక తాగింది ఏళ్ళ తరబడి. దాని మీద హార్మోను మందు కూడా పడింది. రెండూ కలిసి గడ్డ కట్టించాయి. అంటే అక్కడ పోయింది నేను కాదు. నాకు ఆ మందు పడదని ఎవరూ తేల్చలేదు. ఏడాదిగా ఊరికే మండాను!

ఆయన్ని పట్టుకుని కడిగేద్దామనుకున్నాను. కానీ ఆయన నన్ను చూడడం లేదు. గోడకేసి చూస్తున్నాడు.

"సుభ రక్తనాళం ఆ బిళ్ళనీ మందునీ తట్టుకుంది. కానీ దాని పలకలో పొర పెరగలేదు" అన్నాడు నెమ్మదిగా. "పెరగలేదు, ఎందుకంటే దాని తిండిలో కూడా ఆ బిళ్ళ ఉంది. మనం ఇచ్చే రెండో మాత్ర చేసే పనే ఆ బిళ్ళా చేస్తుంది. అక్కడ పలకకి రోజూ అందింది. ఇక్కడ సుభకి అందట్లేదు. ఒట్టి ప్యాచ్ మీద ఉంది. ఏడాదికి పైగా..."

నెయ్యి గిన్నె కింద పెట్టేశాను.

"దానికి మళ్ళీ కనపడుతోందండీ" అన్నాను. "నిన్న చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. వయసు తిరిగొచ్చిందని మురిసిపోతోంది."

ఫోను తీసి నస్రీన్‌కి చేశాడు. వాళ్ళ పలకల్లో ఇంకెంతమంది అత్తలూ అక్కలూ ఇలా పూజ బిళ్ళల మీద రక్తమిచ్చారో ఎవరికి తెలుసు? "అందరికీ ఫోన్లు చెయ్యాలి. అన్నీ ఆపాలి" అంటున్నాడు. చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయాడు. మెతుకులు ఫోనుకి అంటుకున్నాయి.

"మీ చెల్లెలికి మీరు చెయ్యకండి" అన్నాను. "మీ దగ్గర సిగ్గుపడి అబద్ధం చెప్తుంది. నేను వెళ్తాను." ఆటో ఎక్కాను.

*

సుభ గడపకి పసుపు రాస్తోంది. నన్ను చూసి, "రా వదినా! బిళ్ళలు తెచ్చావా?" అంది.

"లోపలికి పద. ఆ ప్యాచ్ తీసెయ్యి."

జరిగిందంతా చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. పసుపు చేతులు చీరకి తుడుచుకుని నా కళ్ళల్లోకి చూసింది.

"వదినా, నిజం చెప్పు. నీకు రానిది నాకు వచ్చిందని కదూ ఇదంతా? ఏడాది నుంచి చూస్తున్నాను. నేను వచ్చిన ప్రతిసారీ నీ కళ్ళల్లో నిప్పులు. ఆ రోజు కూరలో కారం ఎందుకు వేశావో నాకు తెలియదనుకున్నావా? మళ్ళీ వస్తోందని చెప్పాను, అది కూడా ఓర్చుకోలేకపోయావు. తెల్లారేసరికి తీసెయ్యమంటున్నావు."

చురుక్కుమంది. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. సరిగ్గా అప్పుడే నా గుండెల్లో మంట లేచింది, మెడ మీదికి ఎగబాకింది, చెమటలు దిగకారాయి. తన ఒళ్ళు చల్లగా, మొహం కడిగిన ముత్యంలా ఉంది.

"అవునే" అన్నాను. "కుళ్ళే. నీ నిద్ర చూసి కుళ్ళాను, నీ జుట్టు చూసి కుళ్ళాను, నిన్న నువ్వు సిగ్గుపడి నవ్వితే ఇంటికెళ్ళి కుమిలిపోయాను. ఇప్పుడూ కుళ్ళుతోనే చెప్తున్నాను, తియ్యి. నీ చెడు కోరేదాన్నయితే నోరు మూసుకుని కూర్చునేదాన్ని కదే! నువ్వు మురిసిపోతూ ఉండేదానివి, లోపల అది పెరుగుతూ ఉండేది. ఆ బుద్ధి నాకు లేకపోబట్టే ఆటోలో పరిగెత్తుకొచ్చాను. తియ్యి సుభా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

సుభ ప్యాచ్ ఉన్నచోట చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తీసేస్తే మళ్ళీ నీలా అయిపోతాను" అంది.

అంత మాట అంటే కోపం రావాలి. రాలేదు. "అవుతావు, కొన్నాళ్ళు. ఇద్దరం కలిసి విసురుకుందాం" అన్నాను.

గోడ వైపు తిరిగి, కుచ్చిళ్ళు కాస్త కిందికి లాగి, దాన్ని పీకి నా చేతిలో పెట్టింది. తీసుకోబోతే నా వేలికి అంటుకుంది. ఇంతే ఉంది, పెద్ద బొట్టుబిళ్ళంత. ఇంకా వెచ్చగా ఉంది. దీని కోసం ఏడ్చాను నేను. నాకు పడదన్నది తప్పని ఇప్పుడు తెలుసు. అక్కడే, కొంగు చాటున అంటించుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఇవాళైనా పడుకుంటాను. రేపైనా పులుసులో ఉప్పు సరిగ్గా పడుతుంది.

సుభ చూస్తూనే ఉంది. "పెట్టేసుకో" అంది, ఏడుస్తూనే కసిగా. "నీక్కావలసింది అదేగా."

జిగురు జిగురుకి ఆనేలా మడిచి, కాగితంలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను.

"నీది నాకెందుకే" అన్నాను. "నాది నాకు కావాలి."

*

స్కానింగులో సుభ గర్భసంచి పొర మందంగా పెరిగిపోయి ఉంది. కణాలు దారి తప్పడం మొదలుపెట్టాయి, క్యాన్సరు వరకూ పోలేదు. పొర శుభ్రం చేశారు, మాత్రలు ఇచ్చారు. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే మా చేతుల్లో ఉండేది కాదని నస్రీన్ అంది. ఆ మాట విని సుభ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రి వరండాలో ఒకే ఫ్యాను ఉంటే దాని కింద ఎవరు కూర్చోవాలో ఇద్దరం పోట్లాడుకున్నాం.

పలకల ప్రయోగం ఆగిపోయింది. మా ఆయన పెద్దల ముందు నిలబడి, తప్పు తనదేనని, ఆ రెండు షీట్లూ తనే కొన్నానని చెప్పాడు. పేపర్లలో పడింది. ఆయన నెలల తరబడి తలెత్తుకుని వీధిలో నడవలేదు. మళ్ళీ మొదలుపెట్టనిచ్చినప్పుడు నస్రీన్ ప్రశ్న మారింది. "మందులు వాడుతున్నారా" అని ఊరుకోవడం లేదు. "పూజకి, పెళ్ళికి, తిరపతికి ఏమైనా వేసుకున్నారా?" అని అడుగుతోంది. అడిగినవాళ్ళలో సగంమంది, ఓ అవా, వేసుకున్నాం కదా అంటున్నారట.

నేనూ మళ్ళీ రక్తమిచ్చాను. కొత్త పలకలు రెండు, ఒకటి మందుతో, ఒకటి లేకుండా. అవి ఏం చెప్తాయో ఇంకా తెలియదు. మందు పడుతుందంటే వేసుకుంటాను. ముప్పు ఎంతో, మేలెంతో ఈసారి నా రాయితో తూచి మరీ వేసుకుంటాను. పడదంటే ఏడ్చి ఊరుకుంటాను. వాటికి ఏం పేర్లు పెట్టారని మా ఆయన్ని అడిగాను. నంబర్లే, పేర్లు పెట్టలేదన్నాడు నేల చూపులు చూస్తూ.

మొన్న ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేసి వచ్చి మంచం మీద వాలాను. ఒళ్ళంతా సెగ. లేచి ఫ్యాను పెంచే ఓపిక కూడా లేదు. ఆయనే లేచి వెళ్ళాడు. టకటకా తిప్పి అయిదులో పెట్టి వచ్చి, దుప్పటి తన మీదికి తల దాకా లాక్కున్నాడు.

"పడుకో చిన్నీ" అన్నాడు ముసుగులోంచి.

కాసేపటికి దుప్పటి కింద ఆయన పళ్ళు కటకటలాడడం వినిపించింది. వింటూ పడుకున్నాను. ఫ్యాను మాత్రం తగ్గించలేదు.